ఓవర్‌ఫ్లో పైపు (నీటి ట్యాంకు)

ఓవర్‌ఫ్లో పైపు అనగా నీటి ట్యాంకు నిండిన తరువాత ఇంకా లోపలికి వచ్చే నీరు అంచుల మీదుగా పొర్లిపోకుండా, ఒక నిర్ణీత మార్గంలో బయటికి పోవడానికి ట్యాంకు పైభాగాన అమర్చే గొట్టం. డాబా మీది ట్యాంకులకే కాక నేలలోని సంపులకు, వాష్ బేసిన్లకు, స్నానపు తొట్టెలకు కూడా ఇదే సూత్రంపై పనిచేసే ఏర్పాటు ఉంటుంది. ఈ గొట్టం నుండి గాని, అది ట్యాంకును కలిసే అతుకు వద్ద గాని నీరు కారడం ఇళ్ళలో తరచుగా కనిపించే ఇబ్బంది. కారణాన్ని సరిగా గుర్తిస్తే చాలా సందర్భాలలో దీనిని ఇంటివారే బాగుచేసుకోవచ్చును.

బోరు నీటిపై ఆధారపడిన ప్రాంతాలలో ఈ చిన్న మరమ్మత్తుకు ప్రాధాన్యం ఎక్కువ. ఆంధ్ర ప్రదేశ్‌లో మామిడి తోటలకు పేరొందిన నూజివీడు పరిసరాలు ఇందుకు మంచి ఉదాహరణ.

పనిచేసే విధానం

ఓవర్‌ఫ్లో పైపును అర్థం చేసుకోవడానికి ఊరి చెరువును గుర్తుచేసుకుంటే చాలు. చెరువు నుండి పొలాలకు నీరు వదిలే మార్గం తూము. చెరువు నిండినపుడు అదనపు నీరు పోయే మార్గం అలుగు. కాకతీయుల కాలంలో నిర్మించిన రామప్ప, పాకాల వంటి పెద్ద చెరువులకైనా, చిన్న ఊరి కుంటకైనా అలుగు తప్పనిసరి. అలుగు లేకపోతే నీరు కట్ట మీదుగా పొర్లి, మట్టిని కోసివేసి, చివరకు గండి పడుతుంది. ట్యాంకుకు కుళాయి పైపు తూము వంటిది. ఓవర్‌ఫ్లో పైపు అలుగు వంటిది.

ఈ పోలిక నుండి ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. చెరువు నిండనిదే అలుగు పారదు. అదే విధంగా ట్యాంకులో నీటిమట్టం ఓవర్‌ఫ్లో పైపు అడుగు అంచును చేరనిదే అందులోనికి నీరు రాదు. కనుక ఆ పైపు నుండి నీరు కారుతున్నదంటే నీటిమట్టం ఉండవలసిన ఎత్తును దాటినదని అర్థం. నీరు కారడం అక్కడ కనిపించినా, అసలు లోపం సాధారణంగా నీరు వచ్చే మార్గంలో ఉంటుంది.

నీరు లోపలికి తెచ్చే పైపు కంటె ఓవర్‌ఫ్లో పైపు లావుగా ఉండాలి. మోటారు నీటిని ఒత్తిడితో తోస్తుంది. ఓవర్‌ఫ్లో పైపులో నీరు కేవలం కొద్ది సెంటీమీటర్ల ఎత్తు తేడాతో తనంతట తానే పారవలసి ఉంటుంది. అందుచేత నీరు వచ్చే పైపు 1 అంగుళం ఉంటే ఓవర్‌ఫ్లో పైపు 1¼ లేదా 1½ అంగుళాలు ఉంచడం మంచిది. రెండూ ఒకే కొలతలో ఉంటే మోటారు తిరుగుతున్నంతసేపు నీటిమట్టం పెరుగుతూనే ఉండి, మూత సందుల నుండి శ్లాబు మీద పడవచ్చును.

నూజివీడు ప్రాంతంలో ప్రాముఖ్యం

నూజివీడు 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ వరకు కృష్ణా జిల్లాలో ఉండేది. అప్పటి నుండి ఏలూరు జిల్లాలో ఉన్నది. ఈ ప్రాంతం కృష్ణా డెల్టాకు ఉత్తరాన ఉన్న మెట్ట. డెల్టా కాలువల కంటె ఎత్తులో ఉండటం వలన ఇక్కడి తోటలకు, అనేక ఇళ్ళకు బోరు నీరే ప్రధానమైన ఆధారం. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలలో మామిడి విస్తారంగా పండుతుంది. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ (తోతాపురి) ఇక్కడి ముఖ్యమైన రకాలు.

మామిడికి పూత రాకముందు కొంతకాలం నీరు పెట్టడం ఆపుతారు. పిందె నిలిచిన తరువాత తడులు ఇస్తే పిందె రాలడం తగ్గి కాయ ఊరుతుంది. కాయ పెరిగే రోజులు, ఇళ్ళలో నీటి వాడకం పెరిగే రోజులు, భూగర్భ జలం అడుగంటే రోజులు ఇంచుమించు ఒక్కటే. అనగా ఫిబ్రవరి నుండి మే వరకు తోట, ఇల్లు ఒకే నీటి కోసం పోటీ పడతాయి. తోటలోని ఇంటికి, తోటకు ఒకే బోరు ఉన్నచోట ఈ పోటీ మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

కరెంటు విడతలవారీగా వచ్చే చోట్ల బోరు మోటారుకు ఆటో స్టార్టరు పెట్టుకోవడం రైతులకు అలవాటు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. ఆ సమయంలో గేటు వాల్వు ఇంటి ట్యాంకు వైపు తెరచి ఉంటే, ట్యాంకు నిండిన తరువాత కూడా కరెంటు పోయే వరకు నీరు ఓవర్‌ఫ్లో గుండా పోతూనే ఉంటుంది.

ఎంత నీరు పోతుంది

కారే నీటిని కొలవడానికి ఒక గ్లాసు, ఒక గడియారం చాలును. పైపు చివర 250 మిల్లీలీటర్ల గ్లాసు పెట్టినపుడు అది 5 నిమిషాలలో నిండినదనుకుందాము. లెక్క ఈ విధంగా ఉంటుంది:

- గంటకు 3 లీటర్లు
- రోజుకు 72 లీటర్లు
- 30 రోజులకు 2,160 లీటర్లు, అనగా 1,000 లీటర్ల ట్యాంకులు రెండింటికి పైగా

బిందు సేద్యంలో వాడే డ్రిప్పర్లలో గంటకు 4 లీటర్లు వదిలే రకం ఒకటి. దీనితో పోల్చితే, సన్నని ధారగా కూడా కనిపించని ఈ కారుడు ఒక డ్రిప్పరు రాత్రింబగళ్ళు ఇచ్చే నీటిలో మూడు వంతులకు (నాలుగింట మూడు) సమానం. ఆంధ్ర ప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ సేద్య పథకం ప్రారంభమైనప్పటి నుండి అనేక మంది రైతులు తోటలో బొట్టు బొట్టును లెక్కగా వాడుతున్నారు. అదే లెక్క డాబా మీద కూడా వర్తిస్తుంది.

మోటారు ఆపడం మరచిపోయినపుడు నష్టం దీనికంటె చాలా ఎక్కువ. నిమిషానికి 30 లీటర్లు ఎక్కించే మోటారు అరగంటసేపు అదనంగా తిరిగితే 900 లీటర్లు వృథా అవుతాయి. 1,000 లీటర్ల నీటిని 100 మీటర్ల ఎత్తుకు ఎత్తడానికి సిద్ధాంతరీత్యా 0.27 యూనిట్ల కరెంటు కావాలి. పంపు సామర్థ్యం 30–40 శాతం మాత్రమే ఉంటే అది 0.7–0.9 యూనిట్ల వరకు అవుతుంది.

కారిన నీరు తిరిగి భూమిలోకే పోతుంది గదా అని కొందరు భావిస్తారు. ఇది పూర్తిగా నిజం కాదు. ఆ నీటిలో కొంత ఆవిరైపోతుంది, కొంత పైమట్టిలోనే నిలిచిపోతుంది. లోతైన బోరుకు నీరిచ్చే రాతి పొరలకు చేరే భాగం స్వల్పం. ఎత్తడానికి ఖర్చయిన కరెంటు ఎలాగూ తిరిగి రాదు.

భవనానికి కలిగే హాని

నీరు శ్లాబు మీద నిలిస్తే సన్నని పగుళ్ళ గుండా కాంక్రీటులోకి దిగుతుంది. లోపలి ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు అసలు ఇనుము కంటె ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది కనుక లోపలి నుండి కాంక్రీటును నెట్టుతుంది. గదిలోపల పైకప్పు మీద చెమ్మ మరకలు, తరువాత ఉబ్బు, ఆపైన పెచ్చులు ఊడిపడటం ఈ క్రమంలోనే జరుగుతాయి. ఓవర్‌ఫ్లో అతుకును బాగుచేయడానికి కావలసినది ఒక రబ్బరు వాషరు. శ్లాబును బాగుచేయడానికి కావలసినది చాలా ఎక్కువ.

లోపాన్ని గుర్తించడం

మరమ్మత్తుకు ముందు నీరు ఏ విధంగా కారుతున్నదో తేల్చుకోవాలి. ఇందులో రెండు రకాలున్నవి.

1. పైపు లోపలి నుండి నీరు రావడం. పైపు తన పని తాను సక్రమంగా చేస్తున్నది. ఫ్లోట్ వాల్వు మూసుకోకపోవడం, మోటారు ఆగకపోవడం లేదా నీటిమట్టం మరీ ఎత్తుగా అమర్చడం దీనికి కారణం.
2. పైపు చుట్టూ, ట్యాంకు గోడ వెంబడి నీరు జారడం. ఇది అతుకు లోపం. వాషరు ఎండిపోవడం, చెక్ నట్టు వదులు కావడం, ట్యాంకు గోడ చిట్లడం దీనికి కారణాలు.

ఈ రెండింటినీ వేరుచేయడానికి సులభమైన పరీక్ష ఉన్నది. ట్యాంకులో నీటిని ఓవర్‌ఫ్లో రంధ్రానికి సుమారు 5 సెంటీమీటర్లు దిగువకు తీసుకురావాలి. పైపును, గోడను పొడిగుడ్డతో తుడిచి ఒక గంట వేచి చూడాలి. అప్పుడు కూడా తడి కనిపిస్తే లోపం ఓవర్‌ఫ్లోలో లేదు. ట్యాంకుకు దిగువన మరెక్కడో ఉన్నది. పొడిగా ఉంటే మోటారు వేసి నీటిమట్టాన్ని నెమ్మదిగా పెంచాలి. నీరు రంధ్రాన్ని చేరగానే గోడ వెంబడి చెమ్మ దిగితే అతుకు లోపం. గోడ పొడిగా ఉండి పైపు చివర నుండి మాత్రమే నీరు వస్తే అతుకు బాగున్నట్లే. నీరు వచ్చే వైపు చూడాలి.

పైపు చివరను మూసివేయరాదు

నీరు కారుతున్నదని ఓవర్‌ఫ్లో పైపు నోటిలో గుడ్డ కుక్కడం, మూత బిగించడం కొన్ని ఇళ్ళలో కనిపిస్తుంది. ఇది చెరువు అలుగును మూసివేయడం వంటిది. నీరు మూత అంచుల నుండి పొర్లి, ట్యాంకు చుట్టూ శ్లాబు మీదకు చేరుతుంది. కారడం ఆగినట్లు పైకి కనిపించినా అసలు నష్టం అప్పుడే మొదలవుతుంది.

మరొక అలవాటు పైపు చివరను పెరటిలోని కొబ్బరిచెట్టు పాదులోకి వదలడం. నీరు చెట్టుకు అందుతుంది కాబట్టి ఇది మంచిదే. అయితే పైపు చివర మట్టిలో కూరుకుపోయి ఉంటే నీరు కారుతున్న సంగతి నెలల తరబడి ఎవరికీ తెలియదు. చివరను పాదుకు ఒక అడుగు ఎత్తులో, నడిచేవారికి కనిపించేలా ఉంచాలి. ఓవర్‌ఫ్లో పైపు హెచ్చరిక కూడా. కనిపించని హెచ్చరిక వలన ప్రయోజనం లేదు. ఈ పైపును మురుగు పైపుకు నేరుగా కలుపరాదు. అలా కలిపితే దుర్వాసన, క్రిములు త్రాగునీటి ట్యాంకులోకి చేరే మార్గం ఏర్పడుతుంది.

నీరు వచ్చే వైపు మరమ్మత్తు

మునిసిపల్ కుళాయి నీటితో నిండే ట్యాంకులకు ఫ్లోట్ వాల్వు ఉంటుంది. దీనిని వాడుకలో బాల్ వాల్వు అంటారు. నీటిపై తేలే బంతి ఒక కడ్డీని పైకి లేపి, కడ్డీ రెండవ చివరనున్న వాషరుతో నీటి దారిని మూస్తుంది. ఇందులో సాధారణంగా కనిపించే లోపాలు ఇవి:

- బంతిలోకి నీరు చేరి అది మునిగిపోవడం. బంతిని విప్పి ఊపి చూస్తే నీటి చప్పుడు వినిపిస్తుంది. క్రొత్త బంతి వేయాలి.
- వాషరు అరిగిపోవడం లేదా దాని క్రింద ఇసుక రేణువు ఇరుక్కోవడం. విప్పి కడగాలి, అవసరమైతే వాషరు మార్చాలి.
- లవణాలు ఎక్కువగా ఉన్న నీటి వలన తెల్లని గార పట్టి కడ్డీ బిగుసుకుపోవడం. వెనిగర్‌లో గాని నిమ్మరసంలో గాని కొంతసేపు నానబెట్టి బ్రష్షుతో రుద్దితే గార వదులుతుంది. తరువాత మంచినీటితో కడగాలి.
- కడ్డీ వంపు మారి నీరు మరీ ఎత్తున ఆగడం. ఓవర్‌ఫ్లో రంధ్రం అడుగు అంచుకు కనీసం 25 మిల్లీమీటర్ల దిగువన నీరు ఆగేలా సరిచేయాలి.

బోరు మోటారు నుండి నేరుగా వచ్చే పైపుకు ఫ్లోట్ వాల్వు మాత్రమే బిగించడం సరికాదు. వాల్వు మూసుకున్న తరువాత కూడా మోటారు తిరుగుతూ ఉంటే పైపులపై ఒత్తిడి పెరుగుతుంది, పంపు వేడెక్కుతుంది. ఇటువంటి చోట నీటిమట్టాన్ని బట్టి కరెంటునే ఆపివేసే ఫ్లోట్ స్విచ్ లేదా ఆటోమేటిక్ లెవెల్ కంట్రోలరు అమర్చాలి. ఈ పనిని ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

అతుకు మరమ్మత్తు

ప్లాస్టిక్ ట్యాంకులలో ఓవర్‌ఫ్లో పైపు ఒక ట్యాంక్ నిపుల్ ద్వారా గోడకు బిగించబడి ఉంటుంది. నిపుల్‌కు ఒకవైపు వెడల్పాటి అంచు, రెండవవైపు మరలు ఉంటాయి. అంచు ట్యాంకు లోపల ఉంటుంది; బయటినుండి చెక్ నట్టు బిగిస్తారు. అంచుకు, గోడకు మధ్యనున్న రబ్బరు వాషరే నీటిని ఆపుతుంది. ఎండకు, కాలానికి ఈ వాషరు గట్టిపడి చిట్లుతుంది.

కావలసినవి: పాత కొలతకే సరిపోయే రబ్బరు వాషర్లు రెండు, టెఫ్లాన్ టేపు, పైపు పానా, గరుకు కాగితం, పొడిగుడ్డ. పైపును కోయవలసి వస్తే హ్యాక్సా బ్లేడు, క్రొత్త సాకెట్టు, పైపుకు తగిన సాల్వెంట్ సిమెంటు.

1. మోటారు స్విచ్ ఆపి, ఎవరూ వేయకుండా ఫ్యూజు తీయాలి లేదా ఎమ్‌సీబీ దించాలి.
2. నీటిని ఓవర్‌ఫ్లో రంధ్రానికి ఒక జానెడు దిగువకు తేవాలి. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయనక్కరలేదు. తీసిన నీటిని వాడుకోవచ్చును.
3. బయటి పైపును విప్పాలి. అతికించిన పైపు అయితే నిపుల్‌కు కొంత దూరంలో కోయాలి.
4. ఒక చేత్తో లోపలి అంచును కదలకుండా పట్టుకొని, బయటి చెక్ నట్టును అపసవ్య దిశలో విప్పాలి. ట్యాంకు ఎత్తుగా ఉంటే దీనికి ఇద్దరు మనుషులు అవసరం.
5. రంధ్రం చుట్టూ గోడను రెండువైపులా తుడిచి, గారను గరుకు కాగితంతో తీసివేయాలి. వెంట్రుకవంటి పగులు ఉన్నదేమో వ్రేలితో తడిమి చూడాలి.
6. క్రొత్త వాషరును లోపలి అంచుకు తొడిగి నిపుల్‌ను లోపలినుండి బయటకు దూర్చాలి. రెండవ వాషరును బయట వేసి చెక్ నట్టు ఎక్కించాలి.
7. నట్టును చేతితో బిగువుగా తిప్పిన తరువాత పానాతో పావు చుట్టు మాత్రమే తిప్పాలి. అతిగా బిగిస్తే వాషరు పక్కకు జరిగిపోతుంది లేదా ప్లాస్టిక్ మరలు తెగుతాయి.
8. బయటి పైపు ఎక్కే మరలకు టెఫ్లాన్ టేపును మరలు బిగిసే దిశలోనే కొన్ని చుట్లు చుట్టాలి. వ్యతిరేక దిశలో చుడితే బిగించేటప్పుడు టేపు ఊడివస్తుంది. చెక్ నట్టు వద్ద నీటిని ఆపేది వాషరే కనుక అక్కడ టేపు అవసరం లేదు.
9. పైపును తిరిగి కలిపి, దాని బరువు నిపుల్ మీద పడకుండా గోడకు క్లాంపు వేయాలి. ఈ క్లాంపు లేకపోవడం వలననే చాలా అతుకులు మరల మరల వదులవుతాయి.
10. సాల్వెంట్ సిమెంటు వాడితే డబ్బా మీద సూచించిన సమయం ఆగి, ట్యాంకును ఓవర్‌ఫ్లో పారే వరకు నింపి పది నిమిషాలు గమనించాలి. గోడను పొడిగుడ్డతో తుడిచి చూస్తే సన్నని చెమ్మ కూడా తెలుస్తుంది.

ట్యాంకు గోడ చిట్లి ఉంటే ఎమ్‌సీల్ వంటి పూతలు ఎక్కువ కాలం నిలువవు. ఈ ట్యాంకులను చేసే పాలిథిలీన్‌కు జిగురులు గట్టిగా అంటుకోవు. చిన్న పగుళ్ళను అదే జాతి ప్లాస్టిక్‌తో వేడిచేసి అతికే పనివారిచేత అతికించాలి. పగులు రంధ్రం అంచునుండి మొదలైతే, పాత రంధ్రాన్ని అతికించి, కొంత దూరంలో అదే ఎత్తున క్రొత్త రంధ్రం వేయించడం మేలు.

ఇటుక లేదా సిమెంటు ట్యాంకులలో పైపు చుట్టూ వదులైన సిమెంటును చెక్కి తీసి, తడిపి, నీటిని ఆపే పొడి కలిపిన సిమెంటు, ఇసుక మిశ్రమంతో రెండువైపులా నింపాలి. కనీసం ఏడు రోజులు తడుపుతూ ఉండాలి. అంతవరకు నీటిని ఆ మట్టానికి రానీయరాదు.

స్నానపు తొట్టెలలో

నూజివీడు వంటి పట్టణాల ఇళ్ళలో బకెట్టు స్నానమే వాడుక గనుక స్నానపు తొట్టెలు అరుదు. హోటళ్ళలోను, నగరాలలోని కొన్ని ఫ్లాట్లలోను, విదేశాలలో తెలుగువారు నివసించే ఇళ్ళలోను ఇవి ఉంటాయి. తొట్టె గోడకు పైభాగాన గుండ్రని లోహపు పలక, దాని వెనుక ఏటవాలు రబ్బరు గ్యాస్కెట్టు, ఆపైన క్రిందికి దిగే పైపు ఉంటాయి. గ్యాస్కెట్టు పాడైతే తొట్టె నిండా నీరు పెట్టినపుడు మాత్రమే క్రింది అంతస్తు పైకప్పు మీద చెమ్మ కనిపిస్తుంది. షవరు స్నానం చేసినపుడు సాధారణంగా కనిపించదు. ఈ తేడాయే లోపానికి గుర్తు.

పలకకున్న మరలను విప్పి, పాత గ్యాస్కెట్టును తీసి, శుభ్రం చేసి, అదే కొలత గల క్రొత్తది మందమైన వైపు క్రిందికి ఉండేలా పెట్టి, మరలను కొద్దికొద్దిగా మార్చి మార్చి సమంగా బిగించాలి. పాత గ్యాస్కెట్టును అలాగే ఉంచి పైన సిలికాన్ పూస్తే లోపం దాగుతుందే గాని పోదు.

జాగ్రత్తలు

- ప్లాస్టిక్ ట్యాంకు మూత మీద నిలబడరాదు. నిచ్చెనను ఒకరు పట్టుకొని ఉండాలి.
- పెద్ద ట్యాంకులోకి గాని, సంపులోకి గాని ఒంటరిగా దిగరాదు. చాలాకాలం మూసి ఉన్న సంపులో గాలి విషపూరితం కావచ్చును.
- ఓవర్‌ఫ్లో పైపు చివర సన్నని వల కట్టాలి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ నీరు నిలువ ఉన్న చోట గ్రుడ్లు పెడుతుంది. వల దుమ్ముతో మూసుకుపోకుండా నెలకొకసారి దులపాలి.
- వేసవికి ముందు, అనగా మామిడి పిందె కట్టే రోజులలో, ఒకసారి ట్యాంకును నింపి అతుకును పరీక్షించడం మంచి అలవాటు. నీటి అవసరం ఎక్కువయ్యే నెలలకు ముందే లోపం బయటపడుతుంది.

ఇవి కూడా చూడండి

- నూజివీడు
- మామిడి
- బిందు సేద్యం
- బోరు బావి
- చెరువు